చీటీ చప్పుడు

"తలుపు తియ్యవే. కోపం నామీద కాదుగా, నా మొహమైనా చూడు," అంది తల్లి, మూసిన తలుపు ముందు టీ కప్పు పట్టుకుని.

తలుపు కింది సందులోంచి లైటు వెలుతురు కనిపిస్తోంది.

"నిద్రపోతోందేమో అత్తయ్యా," అన్నాడు అల్లుడు. రాత్రంతా హాల్లో సోఫా మీద ముడుచుకుని పడుకోవటంతో మెడ పట్టేసింది. తల ఒకవైపుకే తిరుగుతోంది.

"నిద్రపోయే మనిషికి లైటెందుకు బాబూ?"

నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు. పెడితే ఆ ఇంటి చిన్నోడే కనిపిస్తున్నాడు. ఓటింగ్ యంత్రం చుట్టూ అట్టలతో కట్టిన చిన్న గది బయట, కళ్ళకు గంతలు కట్టుకుని నిలబడి, లోపలివాళ్ళు ఏ గుర్తుకి ఓటేశారో చెప్పేస్తున్నాడు. గుమ్మడికాయ. సూది. మళ్ళీ సూది. నిచ్చెన. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆ యంత్రాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద, వాడి సొంత అక్క, ఇప్పుడు ఈ తలుపు వెనక ఉన్న మనిషి.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మాయి స్నానం చేసి, ఆఫీసు బట్టల్లో ఉంది. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడికే?"

"ఆఫీసుకి. రాజీనామా ఇచ్చి వస్తా."

"ఏదన్నా తిని ఇవ్వు," అన్నాడు భర్త. "ఖాళీ కడుపుతో రాజీనామా ఇస్తే అరగదు."

"మీకంతా వేళాకోళమే."

"నాకు చేతనయింది పళ్ళు పీకటమొక్కటే. పీకేముందు మేం కూడా ఎక్స్‌రే తీస్తాం. ఏది పుచ్చిందో చూసుకోకుండా ఏ డాక్టరూ పట్టకారు ఎత్తడు."

ఆమె నవ్వలేదు. వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లి టీ కప్పు ముందు పెట్టింది. అది చల్లారిపోయిందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె ఒక గుక్క తాగింది.

"నువ్వు ఆరోజు వాడి స్పీకర్ల గురించి అంతలేసి మాటలు అనకుండా ఉండాల్సింది," అంది తల్లి మెల్లగా.

"అయితే తప్పు నాదేనా? మేడ మీద గదిలో రేయింబవళ్ళు ఆ మోత. నిద్ర లేదు నాకు. కాస్త తగ్గించరా అన్నాను. దానికి బ్యాగు సర్దుకుని చెప్పాపెట్టకుండా పోయాడు. ఫోనెత్తడు. చివరికి టీవీలో కనిపించాడు, నా కడుపు మీద కొడుతూ."

"వాడలాంటివాడు కాదే."

"నిన్న చూశావుగా."

పోపు మాడుతున్న వాసన వస్తే తల్లి లేచి స్టవ్ కట్టేసింది.

అంతలో ఫోను మోగింది. పెద్దమ్మాయి పేరు చూసింది. ఫోను బల్లమీదే ఉంచి స్పీకరు నొక్కింది. ఆమె ఆఫీసు డైరెక్టరు.

"మధ్యాహ్నం కమిటీ ముందు కూర్చోవాలి మేడమ్. కంగారు పడకండి. రాత్రంతా ఆలోచించాను, ఒక దారి ఉంది."

"చెప్పండి సార్."

"మీ తమ్ముడు మీ ఇంట్లోవాడేగా. అన్నం తినేటప్పుడో టీ తాగేటప్పుడో యంత్రం సంగతి ఏదో మీ నోరు జారి ఉంటుంది. అదే చెప్పండి చాలు. అప్పుడు యంత్రంలో లోపం ఉన్నట్టు కాదు. లోపలి రహస్యం ఎవడో ఎత్తుకుపోయినట్టు."

"వాడిమీద కేసు పెడతారా?"

"అది మన చేతిలో ఉండదు. మీరు యంత్రాన్ని కాపాడండి. మిగతాది నేను చూసుకుంటాను."

"వస్తాను సార్," అని ఫోను పెట్టేసింది.

పంపులోంచి నీటిచుక్క గిన్నెలో పడుతూంటే పళ్ళ డాక్టరైన అల్లుడు లేచి పంపు బిగించాడు.

"ఏం చెబుతావే?" అంది తల్లి.

"ఇంకా అనుకోలేదు."

ఆ మాట తల్లికి చెంపదెబ్బలా తగిలింది. చెప్పనంటుందనుకుంది. కూతురు కప్పు వంకే చూస్తోంది.

వీధి గేటు కిర్రుమంది. వరండాలో అడుగుల చప్పుడు. గుమ్మంలో చిన్నోడు నిలబడ్డాడు, భుజానికి అదే బ్యాగు. గడ్డం పెరిగింది. సగమయ్యాడు.

తల్లి రెండడుగులు వేసి ఆగిపోయింది. కూతురి మొహం చూసి.

"అక్కా."

"చెప్పులు విప్పకు. వచ్చినదారినే పో."

"పోతాలే. ముందు నామాట విను."

"నీ మాటలు ఊరంతా విన్నది. ఇంకా ఏముంది?"

డాక్టరు లేచి, వాడి భుజం మీది బ్యాగు తీసి గోడకి ఆనించాడు. "కూర్చోవోయ్. నిలబడితే నీకూ కోపం పెరుగుతుంది, ఆవిడకీ పెరుగుతుంది."

వాడు కూర్చోలేదు. గుమ్మాన్ని ఆనుకుని మొదలుపెట్టాడు.

"యంత్రంలో లోపాలు వెతకమని పరీక్ష కమిటీవాళ్ళు నన్ను పిలిచిన రోజే చెప్పేశా, ఆ యంత్రం మా అక్కదని. వద్దంటారనుకున్నా. వాళ్ళు వద్దనలేదు. పరీక్ష అయ్యేదాకా ఆ ఇంట్లో ఉండకూడదు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడకూడదు, ఎందుకో కూడా చెప్పకూడదన్నారు. సరేనన్నా."

పెద్దమ్మాయి తలెత్తింది.

"మరి స్పీకర్ల గొడవ?"

"నువ్వు అరిచావు కదా, అదే సాకు చేసుకున్నా. లేకపోతే అమ్మ నన్ను గుమ్మం దాటనిచ్చేదా?"

"ఎన్నిసార్లు ఫోను చేశానురా," అంది తల్లి. "ఒక్కసారన్నా ఎత్తావా?"

"ఎత్తితే నీ గొంతు వినగానే కక్కేస్తానమ్మా. మోగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. రోజూ పాటల రికార్డింగుకి స్టూడియోకి పోతూ బావ క్లినిక్ ముందునుంచి వెళ్ళేవాణ్ణి. తెరిచి ఉందంటే ఇంట్లో అందరూ బాగున్నట్టే అనుకుని ముందుకి పోయేవాణ్ణి."

"రోడ్డవతల కారు వెనక నక్కింది నువ్వేనన్నమాట," అన్నాడు డాక్టరు. "పంటినొప్పితో వచ్చి, లోపలికి రావటానికి భయపడే పేషెంటు ఎవరో అనుకున్నా."

తల్లి కళ్ళు తుడుచుకుంది, నవ్వు వచ్చినందుకు తనమీద తనకే విసుగేసినట్టు. పెద్దమ్మాయి మాత్రం మెత్తబడలేదు.

"మాట్లాడకపోవటం సరే. కళ్ళకి గంతలు కట్టుకుని ఆ సర్కస్ దేనికి?"

"అది వాళ్ళు కట్టారు. చూసి చెబుతున్నాననే అనుమానం రాకూడదని. అక్కా, మిగతావాళ్ళంతా నీ తాళాల మీద పడ్డారు. లెక్క మార్చాలని, ఓట్లు అటూ ఇటూ చెయ్యాలని. ఒక్కడివల్లా కాలేదు. నాకు లోపల ఎంత పొంగిపోయిందో. పైకి నవ్వకూడదు కదా, పెదవి కొరుక్కుని కూర్చున్నా."

"మరి నువ్వేం చేశావు?"

"నాకు తాళాలు రావుగా. ఖాళీగా కూర్చుని విన్నా."

"ఏం విన్నావు?"

"నీ ప్రింటరుని. గుర్తు నిండుగా, నల్లగా ఉంటే దాని అచ్చు వేసే తలకి పని ఎక్కువ. గుమ్మడికాయ అచ్చు వేసేటప్పుడు మూలుగుతుంది. సూదికి చిన్న తుమ్ము, అంతే. నిచ్చెనకి మెట్టు మెట్టుకీ టక్, టక్ అని ఆగి ఆగి వస్తుంది. ఓ పూట కూర్చునేసరికి నోటికొచ్చేసింది."

ఆమె చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఓటు వేసినవాళ్ళు తమ ఓటు తామే చూసుకోవాలని, బటన్ నొక్కగానే అద్దం వెనక చీటీ అచ్చయి పెట్టెలో పడేలా ఏర్పాటు చేసింది తనే. యంత్రం చెప్పిన లెక్కకీ పెట్టెలో చీటీలకీ తేడా రాకూడదని ఏళ్ళ తరబడి తలబద్దలు కొట్టుకుంది. ఆ ప్రింటరు పక్కనే కూర్చుని ఎన్ని చీటీలు చూసిందో. అది చప్పుడు చేస్తోందని తెలుసు. ఆ చప్పుడుకి అర్థం ఉంటుందనే ఆలోచనే రాలేదు.

"ఇంత చెవి ఎంతమందికి ఉంటుందోయ్?" అన్నాడు డాక్టరు.

"చెవి అక్కర్లేదు బావా. జేబులో ఫోను పెట్టి రికార్డు చేసుకుంటే చాలు. క్యూలో ఎవరి తర్వాత ఎవరున్నారో చూసుకుంటే, ఊరందరి ఓట్లూ సాయంత్రానికి తెలిసిపోతాయి."

"తెలిస్తే ఏమవుతుందిలే, ఈ రోజుల్లో..." అనబోయాడు డాక్టరు.

"ఏమవుతుందో నాకు తెలుసు బాబూ," అంది తల్లి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కొంగుతో బల్ల తుడుస్తోంది, తుడవటానికి అక్కడ ఏమీ లేకపోయినా.

"నేనూ మీ నాన్నా మిల్లులో పనిచేసేటప్పుడు యజమాని తమ్ముడు ఎన్నికల్లో నిలబడ్డాడు. అప్పుడు కాయితం మీదే ముద్ర. ఓటేసి బయటికొస్తూంటే మేస్త్రీ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనీ అడుగుతున్నాడు, ఎవరికి వేశావని. నా వంతు వచ్చింది. మీకేనండీ, అన్నాను. నీ మొహం చూస్తే అలా లేదే, అన్నాడు. అయితే పెట్టె పగలగొట్టి చూసుకోండి, అన్నాను. నవ్వి వదిలేశాడు."

"నిజంగా ఎవరికి వేశావమ్మా?" అంది కూతురు.

"అవతలివాడికి." తల్లి గొంతులో జంకు లేదు. "మిల్లులో ఆడవాళ్ళకి ఒక గది కట్టమని అడిగితే నవ్విన మనిషికి నేను ఓటెలా వేస్తానే? మీ నాన్నకి కూడా చెప్పలేదు. అనుమానం వచ్చినవాళ్ళని ఆ నెలలోనే పనిలోంచి తీసేశారు. నన్ను తియ్యలేదు, తెలీదు కాబట్టి. మీ చదువులు ఆ జీతంతోనే. ఆ పెట్టె గుమ్మడికాయలా మూలిగి ఉంటే మన బతుకులు ఎక్కడ ఉండేవో."

చిన్నోడు తల్లి దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోంచి కొంగు వదిలించి, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

పెద్దమ్మాయి లేచింది. "చెప్పులు విప్పు," అంది తమ్ముడితో. "తిని కమిటీకి పోదాం. నిన్నూ పిలిచి ఉంటారుగా."

* * *

కమిటీ గదిలో పొడవాటి బల్ల. ఒక చివర ఓటింగ్ యంత్రం, గుడ్డ కప్పి ఉంది. పెద్ద కుర్చీలో పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి కూర్చుంది. తెల్లటి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చెవికి వినికిడి యంత్రం. ఎవరు మాట్లాడినా కాస్త ముందుకి వంగి వింటుంది.

డైరెక్టరు తాను చెప్పాల్సింది చక్కగా చెప్పాడు. యంత్రం పటిష్ఠమైనదని, అక్కాతమ్ముళ్ళు ఒకే కప్పు కింద ఉంటారని, రహస్యం ఇంటి దారినే పోయిందని. చివర్లో, "మేడమ్ స్వయంగా వివరిస్తారు," అని పెద్దమ్మాయి వైపు చూశాడు.

ఆమె నిలబడింది. ఎదురు గోడ పక్కన చిన్నోడు తలవంచుకుని కూర్చున్నాడు.

"ప్రింటరు గురించి ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదండీ," అంది. "మాట్లాడటానికి నాకు తెలిస్తే కదా. ఓటు మారకుండా అన్ని తాళాలూ వేశాను. ఓటు బయటికి వినిపిస్తుందని మాత్రం అనుకోలేదు. ఈ తప్పు యంత్రంలోనే ఉంది. చేసినదాన్ని నేను. మా తమ్ముడు దేన్నీ దొంగిలించలేదు. మీరందరూ వినగలిగినదాన్నే విన్నాడు."

డైరెక్టరు కుర్చీలో కదిలాడు. న్యాయమూర్తి పక్కనున్న పరీక్షాధికారి వైపు చూసింది.

"ఇతను చుట్టరికం ముందే చెప్పాడు," అన్నాడాయన. "మేమే ఇల్లు వదిలి ఉండమన్నాం. మా గెస్ట్‌హౌస్‌లోనే ఉన్నాడు. బయటికి వెళ్ళిందల్లా స్టూడియోకే, అదీ మా మనిషి తోడుగా."

"అయితే ఆ సంగతి అయిపోయింది," అంది న్యాయమూర్తి.

అంతే. అంత చిన్నమాటతో తేలిపోయింది. పెద్దమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అలాగైతే దారి తేలికే," అన్నాడు డైరెక్టరు తేరుకుని. "ప్రింటరు తీసేద్దాం. చప్పుడే ఉండదు."

"చప్పుడుతోపాటు సాక్ష్యమూ పోతుంది సార్," అంది పెద్దమ్మాయి. "రేపు ఓడినవాడు వచ్చి, యంత్రం అబద్ధం చెప్పిందంటే ఏం చూపిస్తాం? నా మాట నమ్మండి అంటామా? చీటీ ఉండాల్సిందే. ఏ చీటీ అయినా ఒకేలా వినిపించాలి."

"ఎలా?" అంది న్యాయమూర్తి.

"గుర్తు కింద నల్లచారలు అచ్చు వేద్దాం. సూదికి చారలు ఎక్కువ, గుమ్మడికాయకి తక్కువ. మొత్తంమీద ప్రతి చీటీకీ ప్రింటరు పడే శ్రమ ఒకటే."

"చాలదక్కా," అన్నాడు చిన్నోడు గోడ దగ్గర్నుంచి.

"ఎందుకు చాలదు?"

"మొత్తం ఒకటే అవుతుంది, నిజమే. కానీ మొదట ఏం వచ్చింది, తర్వాత ఏం వచ్చింది అన్నది తెలిసిపోతుందిగా. నిచ్చెన ముందు టక్ టక్‌మని, తర్వాత చారలు మూలిగితే నేను నిచ్చెనే అంటాను."

"అయితే చారలు ఒకసారి పైన, ఒకసారి కింద, ఒకసారి రెండువైపులా. ప్రతిసారీ మారుస్తా."

"నిచ్చెన టక్‌టక్ దాగదు."

"గుర్తులే మారిస్తే? అన్నిటికీ ఒకేలాంటి గళ్ళ చట్రం. గళ్ళలో కొన్ని నిండి, కొన్ని ఖాళీగా ఉంటేనే బొమ్మ కనిపించాలి. అడ్డంగా ఏ వరస తీసుకున్నా నిండిన గళ్ళ లెక్క ఒకటే ఉండాలి."

వాడు లేచి బల్ల దగ్గరికి వచ్చేశాడు. "అలాగైతే వరస వరసకీ ఒకే చప్పుడు. దాని కింద చిన్న ఫ్యాను ఒకటి ఎప్పుడూ తిరుగుతూంటే..."

"ఫ్యాను మీద ఆధారపడనురా. ఫ్యాను చెడిపోతే? చప్పుడు పుట్టకూడదు, పుట్టాక దాచటం కాదు."

"నువ్వెప్పుడూ ఇంతే. తోడుగా ఉంటుందంటే వినవు."

"తోడుకైతే పెట్టుకో. దాన్ని నమ్ముకుని మాత్రం..."

ఇద్దరూ ఒక్కసారే ఆగారు. గది అంతా తమనే చూస్తోంది. పరీక్షాధికారి నవ్వు ఆపుకుంటున్నాడు. న్యాయమూర్తి చెవి యంత్రం సర్దుకుని, "కానివ్వండి, నాకు బాగానే వినిపిస్తోంది," అంది.

యంత్రాన్ని పక్కన పెట్టలేదు. ఎన్నికలకి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి సరిచేసి తెమ్మన్నారు. చీటీ ఉంటుంది. ఆమె ఉద్యోగమూ ఉంటుంది. డైరెక్టరు ఏమీ అనకుండా ఫైలు మూసుకుని ముందే వెళ్ళిపోయాడు.

అందరూ లేచాక న్యాయమూర్తి ఆ ఇద్దర్నీ ఆగమంది.

"ఒక చిక్కుంది. ఇతను మీతో కలిసి సరిచేస్తే, మళ్ళీ పరీక్ష చెయ్యటానికి పనికిరాడు. పరీక్ష ఇతనే చెయ్యాలంటే, మీతో కలిసి కూర్చోకూడదు. ఇప్పుడు మాట్లాడుకున్నదే ఎక్కువ. రెంటిలో ఏదో మీరే ఆలోచించుకుని రేపు చెప్పండి."

* * *

సాయంత్రం ఇల్లంతా వంట వాసన. తల్లి ఒకటే హడావిడి. మేడ మీద గది ఊడ్చింది, దుప్పటి మార్చింది, స్పీకర్ల మీది దుమ్ము కూడా తుడిచింది.

"ఎంత గట్టిగా పెట్టుకుంటావో పెట్టుకోరా. దానికి చెవుల్లో దూది నేను పెడతా," అంది.

"నా దగ్గర బోలెడు దూది ఉంది అత్తయ్యా, క్లినిక్ నుంచి తెస్తా," అన్నాడు అల్లుడు. మెడ ఇంకా ఒకవైపుకే తిరుగుతోంది. కానీ నవ్వు చెవులదాకా ఉంది.

నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని తిన్నారు. చాలా రోజులకి పెద్దమ్మాయి రెండోసారి వడ్డించుకుంది. చిన్నోడు డైరెక్టరు మొహం ఎలా పడిపోయిందో అనుకరించి చూపిస్తే, అన్నం పొలమారేంత నవ్వింది. తల్లి ఆమె నెత్తిమీద తట్టింది. అలాగే చెయ్యి అక్కడే ఉంచేసింది, ఓ క్షణం ఎక్కువసేపు.

తల్లి పెరుగు కోసం లోపలికి వెళ్ళగానే చిన్నోడు గొంతు తగ్గించాడు.

"రేపేం చెబుదామక్కా? నీకు పక్కన కూర్చునేవాడు కావాలా, ఎదురు నిలబడేవాడు కావాలా?"

ఆమె తల వంచుకుని కంచంలో గీతలు గీసింది. పక్కన కూర్చోవటానికి బృందంలో మంచివాళ్ళున్నారు. ఎదురు నిలబడి, తప్పు ఎక్కడుందో మొహమాటం లేకుండా చెప్పగలిగినవాడు ఒక్కడే. అలాగైతే పరీక్ష తేలేదాకా వాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు. తల్లి ఫోను చేస్తే ఎత్తకూడదు. అది వారాలో, నెలలో.

"చెప్పు," అన్నాడు చిన్నోడు.

తల్లి పెరుగు గిన్నెతో వచ్చింది. కొడుకు కంచంలో పెద్ద గరిటెడు వేసి, "రేపు నీకేం కావాలో ఇప్పుడే చెప్పు, పొద్దున్నే చేసిపెడతా," అంది.

పెద్దమ్మాయి దగ్గర జవాబు ఉంది. కమిటీ గదిలోంచి బయటికి అడుగు పెట్టినప్పుడే ఉంది. దాన్ని ఈ బల్ల దగ్గర, ఈ తల్లి ముందు చెప్పటానికే నోరు రావటం లేదు.